ఎడమ బొటనవేలు

జూలై 14, ఆదివారం

తెల్లవారినప్పటి నుంచి ముసురు. ఏడింటికి తెరిపి ఇచ్చింది. బడి బాస్కెట్‌బాల్ కోర్టు మీద నిలిచిన నీళ్లను పిల్లలూ నేనూ చీపుళ్లతో తోశాం. పడమటి రింగు కింద సిమెంటు లేచిపోయిన చోట గోనెసంచి పరిచాను. పదకొండు మందీ వచ్చారు. బంతులు నాలుగు. ఒకదానిలో గాలి నిలవదు.

జగిత్యాల నుంచి జీవన్ సార్ వచ్చాడు. యూనివర్సిటీకి ఆడినవాడు, నాకన్నా పదేళ్లు చిన్న. ఆగస్టు 11న సిరిసిల్లలో సెలక్షన్లు. అక్కడ పేరు వచ్చిన అమ్మాయిలకు క్రీడా హాస్టల్‌లో సీటు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. దానికి ముందు మా పిల్లలను ఒకసారి చూసి పొమ్మని నేనే పిలిచాను. మెచ్చుకుంటాడని పిలిచాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

అరగంట ఆట చూశాడు. తర్వాత ఒక బంతి చుట్టూ నల్లటేపు చుట్టి మనీషాకు ఇచ్చాడు. మనీషా ఎనిమిదో తరగతి. మూడేళ్ల నుంచి నా దగ్గర ఆడుతున్నది. జట్టులో గురి ఉన్నది ఆమెకే. వేసింది. పడింది. నేను జీవన్ సార్ మొహం చూశాను.

"పడ్డది చూడకుండ్రి మేడం, టేపు చూడుండ్రి," అన్నాడు. "నిలువుగ తిరగాలె. గిది పక్కకు పొర్లుతుంది."

మిగతా పదిమందితోనూ వేయించాడు. అందరి టేపూ పక్కకే. ఫోన్లో తీసి నెమ్మదిగా నడిపి చూపించాడు. కుడిచెయ్యి సరిగ్గానే లేస్తున్నది. మోచెయ్యి బంతి కిందనే ఉన్నది. మణికట్టు చివరిదాకా వంగుతున్నది. కానీ బంతి వదిలేటప్పుడు ఎడమ బొటనవేలు దాన్ని ఒక్క పోటు పొడుస్తున్నది. ఎడమచెయ్యి బంతికి పక్కన ఆని ఉండాలి, అంతే. తోయకూడదు.

"దగ్గరికెంచి ఏస్తె పడుతయి. దూరం పోయినకొద్ది అన్ని కుడిదిక్కు కొడుతయి. సిరిసిల్లల దూరంకెంచే ఏపిస్తరు."

"నాలుగు వారాలున్నయి గద సార్."

"నేర్పుడు అల్కగనే ఉంటది మేడం, మాన్పిచ్చుడే కష్టం." బూట్ల తాళ్లు విప్పుకుంటూ నవ్వాడు. "పదకొండు మందికి ఒక్కటే తీరు తప్పు ఎట్ల దొరికిందో గని."

మధ్యాహ్నం బస్సుకు పోయాడు. అన్నం తింటూ ఆలోచిస్తే కారణం దొరికింది. బీడీలు. ఈ పదకొండు మందిలో తొమ్మిదిమంది ఇళ్లల్లో బీడీల చాటలున్నాయి. తల్లులు ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుడితే, పిల్లలు పక్కన కూర్చుని మూతులు ముడుస్తారు. మా వాడలో మూతి ముడిచేది ఎడమ బొటనవేలితో. రోజూ కొన్ని వందలసార్లు ఆ వేలు లోపలికి పొడుస్తుంది. బంతి దగ్గరా ఊరుకోవడం లేదు.

కారణం తెలిశాక మనసు తేలికపడింది.

జూలై 15, సోమవారం

బడి అయ్యాక మనీషా తల్లి లింగవ్వ దగ్గరికి వెళ్లాను. మా తల్లిగారింటికి మూడిళ్ల అవతల పుట్టి పెరిగింది. వదినె అంటాను. ఒళ్లో చాట పెట్టుకుని ఉంది. పక్కన మనీషా మూతులు ముడుస్తున్నది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సెలక్షన్లు అయ్యేదాక మనీషాను చాట దగ్గర కూసోపెట్టకు వదినె," అన్నాను.

"ఎందుకట?"

"మూతులు ముడిచి ముడిచి ఏలు పాడైంది. బంతి వంకర పోతున్నది."

లింగవ్వ చుట్టడం ఆపలేదు. "బంతి వంకర పోతె బీడీలది తప్పా. మరి మొన్న నా బీడీలు వంకరున్నయని కార్ఖానాల లెక్క తీసుకునే ఠేకేదారు పక్కకు తీసిండు. అది బంతి తప్పు గావచ్చు."

నేను నవ్వలేదు.

"నాలుగు వారాలే వదినె."

"నాలుగు వారాలు నా వెయ్యి ఎవలు నింపుతరు?" వేళ్లు చాచి చూపించింది. కణుపులు ఉబ్బి ఉన్నాయి. "రోజు వెయ్యి బీడీలు ముట్టకుంటె కార్ఖానా కార్డుల పేరు కొట్టేస్తనంటుండు వాడు. ఇరవై రెండేండ్ల కార్డు నాది."

"సీటు ఒస్తె మనీషాకు ఈ చాట ముందల కూసునే పనే ఉండది."

"రాకుంటె?"

జవాబు ఆమే చెప్పింది.

"రాకుంటె బంతి బందు. బడికెంచి ఒచ్చి నా పక్కన కూసుంటది. ముందుగాలనే చెప్తున్న మేడం, మళ్ల నన్ననద్దు."

వదినె నన్ను మేడం అన్నదంటే కోపంగా ఉన్నట్టు. ఒప్పుకుంది మాత్రం. మనీషా లేచి లోపలికి పోయింది. ఆమె ముందున్న బీడీలను లింగవ్వ తన వైపు లాక్కుంది.

మిగతా ఎనిమిది ఇళ్లకూ వెళ్లి ఇదే చెప్పాను. ఎవరూ సంతోషించలేదు. పిల్లల మంచి కోసమే కదా.

జూలై 17, బుధవారం

పీర్ల పండుగ సెలవు. అయినా ఆరుగురు వచ్చారు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టించి, రింగు కింద నుంచి ఒంటిచేత్తో వేయించాను. టేపు చక్కగా తిరిగింది. రెండో చెయ్యి వచ్చి ఆనగానే మళ్లీ అదే పోటు. ఎదురుగా నిలబడి నేనే వేసి చూపించాను, ఇరవై సార్లు. జాగ్రత్తగా చూడమన్నాను.

జూలై 20, శనివారం

వాన. వరండాలో గోడకు వేయించాను. సున్నం మీద మరకలు పడ్డాయని పెద్దసార్ అన్నాడు.

జూలై 22, సోమవారం

ఫ్రీ త్రో గీత నుంచి మనీషా ముప్పైలో పదకొండు వేసింది. ఇదివరకు ఇరవై వేసేది.

"మేడం, నేను మళ్ల పాత తీరుగనే ఏస్త," అంది.

"ఇంట్ల మూతులు ముడుస్తున్నవా?"

"లేదు మేడం. అమ్మ ఆకు గూడ ముట్టనిస్తలేదు."

"మరి ఎందుకు పోతలేదు ఆ ఏలు?"

ఏడ్చింది. నేను ఓదార్చలేదు. శ్రద్ధ లేదు. సీటు వచ్చినట్టే అనుకుంటున్నది.

జూలై 24, బుధవారం

మనీషా ముప్పైలో ఎనిమిది.

జూలై 25, గురువారం

టేపు బంతి ఇవాళ కళ్యాణికి ఇచ్చాను. ఆమె నాన్న పోశం దుబాయిలో ఉంటాడు. వాళ్లింట్లో చాట ఎన్నడూ లేదు. ఈ పిల్లకు బీడీ మూతి ఏదో తోక ఏదో తెలియదు. జీవన్ సార్ వచ్చిన రోజులాగే ఆమె బంతీ పక్కకే పొర్లింది. ఫోన్లో చూశాను. ఎడమ బొటనవేలు.

సంగీత ఇంట్లోనూ చాట లేదు. వాళ్ల నాన్నకు ట్రాక్టరుంది. సంగీతదీ అదే వేలు.

మనీషాను చూసి నేర్చుకుని ఉంటారు. జట్టులో తొమ్మిదిమంది ఒక తీరుగా వేస్తుంటే మిగిలిన ఇద్దరికీ అంటుతుంది. అదే అయి ఉంటుంది.

జూలై 26, శుక్రవారం

ఎండ కాసింది. కోర్టు పూర్తిగా ఆరింది.

"మనీషాను చూసి నేర్చుకున్నవా?" అని కళ్యాణిని అడిగాను.

"లేదు మేడం."

"మరి ఎవల్ని చూసి?"

కళ్యాణి బంతిని రెండుసార్లు నేలకు కొట్టింది. "మీరు గిట్లనే ఏస్తరు గద మేడం."

పిల్లలు నవ్వారు. నవ్వినందుకు అందరినీ కోర్టు చుట్టూ ఐదుసార్లు ఉరికించాను.

సాయంత్రం జీవన్ సార్ ఫోన్ చేశాడు. "మేడం, ఒకపాలి మీరు ఏసేది గూడ తీసి పంపుండ్రి."

నన్ను తీసి ఏం లాభం, ఆడేది పిల్లలు కదా అన్నాను.

జూలై 28, ఆదివారం

పిల్లలు రాకముందే, ఐదున్నరకు, ఒక్కదాన్నే కోర్టుకు వెళ్లాను. ఫోన్‌ను రెండు ఇటుకల మధ్య నిలబెట్టాను. పది బంతులు వేశాను.

చూశాను.

జూలై 29, సోమవారం

నిన్న పిల్లలకు పాసింగు మాత్రమే చేయించి పంపాను. ఇవాళ రాసుకుంటున్నాను.

ఏడేళ్లప్పుడు మూతి ముడవడం నేర్చుకున్నాను. నేర్పింది నర్సక్క అత్త, లింగవ్వ తల్లి. ఆకు కత్తిరిస్తుంటే ఆమె కుడి బొటనవేలి కొన ఎప్పుడో కత్తెరకు పోయింది. అందుకని ఎడమ బొటనవేలితో ముడిచేది. వాడలో పిల్లలమంతా ఆమె అరుగు మీదే నేర్చుకున్నాం. అందరం ఎడమ వేలివాళ్లమే అయ్యాం. సందు దాటితే అవతలివాళ్లు కుడివేలితో ముడుస్తారు. మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు.

డిగ్రీ అయ్యేదాకా చాట ముందు కూర్చున్నాను. బాస్కెట్‌బాల్ ముట్టింది వ్యాయామ టీచరు చదువు బీపీఈడీలో, ఇరవై మూడేళ్లకు. అక్కడ నా మోచెయ్యి సరిచేశారు, కాళ్లు సరిచేశారు. ఎడమచెయ్యి ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు.

పద్నాలుగేళ్లుగా పిల్లల ముందు నిలబడి వేసి చూపిస్తున్నాను. జాగ్రత్తగా చూడండి అంటాను. వాళ్లు జాగ్రత్తగానే చూశారు.

మనీషాకు శ్రద్ధ లేదని రాసిన పేజీ చింపుదామనుకున్నాను. చింపలేదు.

లింగవ్వకు చెప్పాలి. రేపు వెళ్తాను.

జూలై 30, మంగళవారం

నిన్ననే వీడియో పంపాను. జీవన్ సార్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"దొరికింది గద మేడం. ఇగ భయం లేదు. పిల్లలకు చేతగాక గాదు, మీరు చూపెట్టింది చూపెట్టినట్టు నేర్చుకున్నరు. గంత మంచిగ నేర్చుకునేటోళ్లకు రెండు వారాలు శానా."

ఆ మాటకు కుర్చీలో కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడి ఉన్నానని కూడా తెలియదు.

ఒక పని చెప్పాడు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రూపాయి బిళ్ల పట్టుకుని బంతి వేయాలి. వేలు పొడిస్తే బిళ్ల కింద పడుతుంది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. "మీరు మాత్రం ఏసి చూపెట్టకుండ్రి మేడం," అన్నాడు, కొంచెం మెల్లగా.

లింగవ్వ దగ్గరికి రేపు.

జూలై 31, బుధవారం

వాన. పోలేదు.

ఆగస్టు 1, గురువారం

రూపాయి బిళ్లలు చెమటకు జారుతున్నాయి. వేలు కదలకపోయినా పడుతున్నాయి. రెండు కోర్టు పక్క మురుగు మోరీలో పడ్డాయి. పిల్లల చూపు రింగు మీద లేదు, బిళ్ల మీదే ఉంది.

వచ్చేటప్పుడు లింగవ్వ వాకిట్లో కనిపించింది. చేతిలో కూరగాయల సంచి ఉంది. రేపు పోదామనుకున్నాను.

ఆగస్టు 2, శుక్రవారం

ఇంటర్వెల్‌లో మనీషా చెప్పింది. "నిన్న అమ్మ కార్ఖానాల ఎనిమిది వందల బీడీలే ఇచ్చింది మేడం. మొన్న గూడ గంతే. అందరి ముందల ఠేకేదారు అన్నడట. ఇంట్ల అన్నం తినలేదు."

బడి నుంచి ఇంటికి పోకుండా నేరుగా వెళ్లాను.

చాట పక్కన వేడినీళ్ల గిన్నె ఉంది. వంద బీడీలకొకసారి వేళ్లు అందులో ముంచి తుడుచుకుంటున్నది. కూర్చోమనలేదు. కూర్చున్నాను.

"తప్పు నాది వదినె. బీడీలది గాదు."

చుడుతూనే ఉంది.

"పిల్లలు నన్ను చూసి నేర్చుకున్నరు. నేనే ఎడమేలుతోటి పొడుస్తున్న, మూతి ముడిచినట్టు. చాట లేనోళ్ల పిల్లలు గూడ గట్లనే ఏస్తున్నరు."

చెయ్యి ఆగింది. "ఏదీ, చూపెట్టు."

చూపించడానికి బంతి లేదు. మూలకు గుమ్మడికాయ ఉంటే తీసుకున్నాను. వాకిట్లో నిలబడి, వదలకుండా, బంతి వేసినట్టు లేపాను. లింగవ్వ మెడ చాచి నా ఎడమచేతినే చూసింది.

"మళ్లొకపాలి."

మళ్లీ లేపాను.

"మా అవ్వ," అంది, వాళ్లమ్మ నర్సక్క అత్తను తలచుకుని. "అచ్చం మా అవ్వ." చాట పక్కన పెట్టేసింది. "సచ్చి పదహారేండ్లాయె. ఇంక బంతి ఆడుతుందా ముసల్ది?"

నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. వేళ్లకు తంబాకు ఉందని మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నేను గుమ్మడికాయ పట్టుకునే నిలబడ్డాను. నాకూ నవ్వు వచ్చింది.

నవ్వు అయ్యాక అంది, "మరి ఇన్ని దినాలు నన్ను గోసపెట్టినవు గదనే ఊర్మిల."

మేడం అనలేదు.

"పెట్టిన."

"మిగిలిన ఎనిమిదిండ్లకు?"

"రేపు పోయి చెప్త."

"నేను గూడ ఒస్త. వాళ్లు నిన్ను తిడుతుంటె చూడాలె."

చాట మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆమె చుట్టింది, నేను మూతులు ముడిచాను. పదిహేనేళ్లు దాటింది వదిలేసి. వేలు ఏదీ మరిచిపోలేదు. దీపాలు పెట్టేలోపు వెయ్యి నిండింది.

రూపాయి బిళ్లలు జారుతున్నాయని మాటల్లో చెప్పాను. కత్తిరించగా రాలిన ఆకు తునకల్లోంచి ఒకటి తీసి నా వేళ్ల మధ్య పెట్టింది. "గిది పట్టుకో. గరుకుంటది, చెమటకు జారది." గట్టిగా లాగితే గానీ రాలేదు. వేలు పొడిచినట్టు కదిపితే వెంటనే పడింది. ఒక సంచి నిండా తునకలు ఇచ్చి పంపింది.

ఆగస్టు 3, శనివారం

ఎనిమిది ఇళ్లకూ వెళ్లాను. లింగవ్వ నిజంగానే వెంట వచ్చింది. ప్రతి వాకిట్లోనూ గుమ్మడికాయ సంగతి నాకన్నా ముందు ఆమే చెప్పింది. అందరూ నవ్వారు. సత్యవ్వ మాత్రం నవ్వలేదు. "మా పిల్లను మేం ఊకెనే కొట్టినమన్నట్టు," అంది. ఆ పిల్ల దాక్కుని మూతులు ముడుస్తుంటే పట్టుకుని కొట్టిందట.

ఆగస్టు 4, ఆదివారం

ఆకు పనిచేస్తున్నది. కోర్టంతా తునకలు. ఎవరి ఆకు పడితే వాళ్లు ఎత్తుకుని మొదటి నుంచి వేయాలి. మొదటి గంట వంగడం లేవడంతోనే సరిపోయింది. తర్వాత రింగు కింద నుంచి పడకుండా వేశారు. తర్వాత రెండడుగులు వెనక్కి.

ముందుగా కుదిరింది కళ్యాణికి. ఇప్పుడు ముందు నిలబడి వేసి చూపించేది ఆమె. నేను పిల్లల లైనులో చివర నిలబడుతున్నాను.

"మేడం, మీ ఆకు పడ్డది," అంటుంది గట్టిగా.

ఎత్తుకుంటాను.

మనీషా ముప్పైలో పద్నాలుగు.

ఆగస్టు 7, బుధవారం

పంతొమ్మిది. టేపు నిలువుగా తిరిగింది.

ఆగస్టు 9, శుక్రవారం

ఇరవై మూడు. ఆమె రోజూ మళ్లీ మూతులు ముడుస్తున్నది కూడా. అక్కడి వేలు అక్కడ, ఇక్కడి వేలు ఇక్కడ.

ఆగస్టు 11, ఆదివారం

ఎండ. పొద్దున ఐదున్నరకు మా కోరుట్లలో బస్సెక్కి, వేములవాడలో మారి, సిరిసిల్లలో దిగాం. మనీషా, కళ్యాణి, నేను, లింగవ్వ. లింగవ్వ ఈ వైపు రావడం ఇదే మొదటిసారట. గ్రౌండు పక్క సందులో మరమగ్గాల సాంచాలు నడుస్తున్నాయి. "ఆదివారం గూడ ఆపరా?" అని అడిగింది.

అరవై మంది దాకా అమ్మాయిలు. పెగడపల్లి పిల్లలు బాగున్నారు. గొల్లపల్లి వాళ్లలో ఒకమ్మాయి నా అంత పొడుగుంది. ముందు ఫ్రీ త్రో గీత నుంచి పదేసి బంతులు, తర్వాత ఆట.

కళ్యాణి పదిలో ఐదు.

మనీషా ఆకు పట్టుకునే గీత దగ్గరికి వెళ్లింది. "చేతిల ఏంది? పారెయ్యి," అన్నాడు సెలెక్టరు. ఆమె పారేయలేదు. పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టి పోయింది.

మొదటి బంతి రింగు కుడి అంచుకు తగిలి బయటికి పోయింది. రెండోదీ అక్కడికే.

"ఏమైతుందే?" అంది లింగవ్వ.

"కుడిదిక్కు కొడుతుంది."

"ఏలేనా?"

"ఏలే."

మనీషా మావైపు చూడలేదు. బంతి చంకలో పెట్టుకుని తన ఎడమచేతి వైపు చూసింది. బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరకు చేర్చి, వాటి నడుమ ఆకు ఉన్నట్టే నొక్కి పట్టింది. అట్లాగే బంతి ఎత్తి వేసింది. ఆ బంతికి టేపు లేదు. దూరం నుంచి ఎట్లా తిరిగిందో నాకు కనిపించలేదు. పడింది. మిగిలిన ఏడింటిలో ఆరు పడ్డాయి.

ఆటలో బాగానే ఆడింది. నాలుగింటికి పేర్లు చదివారు. మొత్తం పన్నెండు. మనీషాది తొమ్మిదోది.

"మళ్లొకపాలి చదువుమను," అంది లింగవ్వ.

"చదివిండు గద వదినె. ఆమెదే."

"ఇనబడ్డది. మళ్లొకపాలి చదువుమను."

కాగితం గోడకు అంటించాక ఆమెను తీసుకెళ్లి పేరు చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టింది. ఆకు తునక ఇంకా నా పిడికిట్లోనే ఉంది, నలిగిపోయింది.

కళ్యాణి పేరు రాలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వేములవాడలో మిర్చి బజ్జీలు కొనిస్తే తిన్నది. వచ్చే ఏడు ఆమెకు ఇంకా వయసుంది.

ఆగస్టు 14, బుధవారం

సత్యవ్వ కూతురు పదిహేను బంతులు ఆకు పడకుండా వేసింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చెప్పాను. సత్యవ్వ చాయ్ పోసింది.

ఆగస్టు 18, ఆదివారం

కురిసి వెలిసింది. కోర్టు మీద నీళ్లు తోశాం. ఆరో తరగతి నుంచి నలుగురు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్ల ముందు కళ్యాణిని నిలబెట్టాను. నేను చీపురు పట్టుకుని పక్కన నిలబడ్డాను. లింగవ్వ చాట మా ఇంట్లో ఉంది. రేపు కార్ఖానాకు ఇవ్వాల్సిన వెయ్యి నేను చేస్తానన్నాను. నాలుగు వందలు అయ్యాయి.

మనీషా పొద్దున 6.20 బస్సుకు హాస్టల్‌కు వెళ్లింది. లింగవ్వ తోడు వెళ్లింది.